కంబోడియాలో వారం రోజులు బ్యాగు వీపున వేసుకుని తిరగాలనుకుంటున్నాను, అంగ్‌కోర్ వాట్ చూడటానికి ఒక్క రోజు సరిపోతుందా?

సరిపోదండీ. వారం రోజులు తిరుగుతానంటున్నారు కాబట్టి అంగ్‌కోర్ గుళ్ళు చూసే మూడు రోజుల పాస్ తీసుకోండి. నేను వెళ్ళినప్పుడు ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. ఆ మూడూ వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా సరే. ఆ ఎండలో తిరిగాక మధ్యలో ఒక రోజు మంచం దిగబుద్ధి కాదు.

సూర్యోదయం చూడమని అందరూ చెప్తారు. నేనూ నాలుగున్నరకే టుక్‌టుక్ ఎక్కి వెళ్ళి కొలను పక్కన నిలబడ్డాను. గుడి పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి సూర్యుడు శిఖరాల వెనక నుంచి రావాలి. ఆ రోజు మబ్బు పట్టింది, కనిపించినవన్నీ ముందువాళ్ళ ఫోన్లే. అయితే తెల్లారగానే జనం టిఫిన్లకి వెళ్ళిపోయారు. నేను తూర్పు వైపు వసారాలోకి వెళ్ళాను. అక్కడ గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. ఒకవైపు 92 మంది అసురులు, రెండోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం. దేవతల వరస చివర వాసుకి తోక పట్టుకుని ఒక వానరుడు! మా అమ్మమ్మ చెప్పిన కథలో ఆయన లేడు. ఆ గోడ దగ్గరే గంట గడిచింది.

రెండో రోజు బాంతియాయ్ స్రెయికి పెట్టుకోండి. అంగ్‌కోర్ పక్కనున్న సియెమ్ రీప్ ఊరికి ముప్పై కిలోమీటర్ల పైనే. 967లో కట్టిన చిన్న గుడి, ఎర్రటి ఇసుకరాయి. కైలాసాన్ని ఎత్తుతున్న రావణుణ్ణి చూస్తే చెక్క మీద చెక్కారేమో అనిపిస్తుంది. చెట్ల వేళ్ళు చుట్టుకున్న తా ప్రోమ్ గుడి ఎలాగూ చూస్తారు, అక్కడ ఫోటోల క్యూ తప్ప నాకేమీ గుర్తులేదు.

రాజధాని నామ్ పెన్ నుంచి సియెమ్ రీప్‌కి బస్సులో వెళ్తుంటే కాంపాంగ్ థామ్‌లో ఒక రాత్రి దిగండి. అక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్లలో సంబోర్ ప్రెయి కుక్, అంటే ఏడో శతాబ్దపు రాజధాని ఈశానపురం. అడవిలో ఎనిమిది పలకల ఇటుక గుళ్ళు. అంగ్‌కోర్ వాట్ కంటే సుమారు అయిదు వందల ఏళ్ళు పాతవి, మనుషులు మాత్రం పదిమంది కూడా కనపడలేదు. నామ్ పెన్‌లో టూల్ స్లెంగ్ చూసే రోజు ఇంకేమీ పెట్టుకోకండి. 1970ల్లో దేశాన్ని ఏలి లక్షల మందిని పొట్టన పెట్టుకున్న ఖ్మేర్ రూజ్ వాళ్ళు బడిని జైలు చేసిన చోటది, బయటికొచ్చాక అన్నం సహించదు.

డాలర్లు చెల్లుతాయి, కానీ అంచు చిరిగిన నోటు ఎవరూ తీసుకోరు. శాకాహారులైతే చేపల సాస్ వద్దని ముందే చెప్పండి, కూరగాయల్లోనూ వేస్తారు.

అన్నట్టు, అంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకి మోకాళ్ళు, భుజాలు కప్పుకుంటేనే పంపిస్తారు. మొదటి రోజు నిక్కరు వేసుకెళ్ళి మెట్ల దగ్గర నుంచే వెనక్కొచ్చాను. మూడో రోజు పాస్ ఇంకా మిగిలి ఉంది కాబట్టి లుంగీ కట్టుకుని వెళ్ళి ఎక్కాను.