అరవై దాటాక నడక ఒక్కటే చాలదు

ఈ నెల వ్యాయామం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దక్షిణ ఒడిశా నుంచే. వాటిలో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. రిటైరైన నాటి నుంచి రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను. బీపీ అదుపులోనే ఉంది. కానీ మొన్న వ్రతంలో పీట మీద కూర్చుంటే, లేవడానికి మా అబ్బాయి చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఇంత నడిచినా ఇదేమిటి? అసలు నడిస్తే ఆయుష్షు పెరుగుతుందా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం)

జవాబు: నడక మానకండి మాస్టారూ. బీపీ అదుపులో ఉండడంలో దాని వాటా ఉంది. కానీ చదునైన రోడ్డు మీద నడిచేటప్పుడు తొడ కండరాలకు తమ బలంలో కొంత మాత్రమే వాడే పని పడుతుంది. పీట మీంచి లేవాలంటే ఒంటి బరువంతా అవే ఎత్తాలి. ముప్ఫై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా త్వరగా కరుగుతుంది. అందులోనూ ముందు సన్నబడేవి చటుక్కున పనిచేసే కండపోగులు. కాలు జారినప్పుడు మనిషిని నిలబెట్టేవి అవే. వాటిని పనిలోకి దించాలంటే బరువు కావాలి.

ముందు మీ కాళ్ల బలం ఎంతో చూసుకోండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేయండి. కూర్చునే పలక నేల నుంచి 17 అంగుళాలు ఉంటే చాలు. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు మగవారికి 12 కంటే తగ్గితే, ఆడవారికి 11 కంటే తగ్గితే కాళ్లు బలహీనపడ్డట్టే.

ఆ పరీక్షే వ్యాయామం కూడా. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, పది లేవడాలు చేసి రెండు నిమిషాలు ఆగి మరో పది చేయండి. కూర్చునేటప్పుడు ధబాలున పడిపోకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. సగం లాభం ఆ దిగడంలోనే ఉంది. పది తేలికైతే రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకోండి. చివరి రెండూ కష్టంగా ఉంటేనే కండకు పని తగిలినట్టు. పిక్కల కోసం గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి, ఛాతీకి, చేతులకు గోడను నెట్టండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

ఆయుష్షు సంగతి. సగటున 72 ఏళ్ల అమెరికా మహిళలు 16 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశీలన 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనపడలేదు. పదివేల అడుగులన్నది 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరులోంచి వచ్చిన అంకె, వైద్యులు తేల్చింది కాదు. అయితే ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ నడుస్తారు కదా, కాబట్టి ఆ 41 శాతమూ నడక పుణ్యమే అనలేం. నార్వేలో 70–77 ఏళ్లవారిని గుంపులుగా విడదీసి ఐదేళ్లు వ్యాయామం చేయించి చూస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పోల్చడానికి పెట్టుకున్న గుంపు కూడా బాగా కదిలే మనుషులే కావడం దానికి ఒక కారణం. గట్టిగా తేలిన సంగతి వేరే ఉంది. 70–89 ఏళ్ల వయసులో పెద్దగా కదలని 1,635 మందిపై అమెరికాలో చేసి 2014లో ప్రకటించిన ప్రయోగంలో, నడకతో పాటు కాళ్ల బలం, నిలకడ కోసం వ్యాయామం చేసినవారిలో 400 మీటర్లు నడవలేని స్థితికి చేరడం 18 శాతం తగ్గింది. ఎన్నేళ్లు బతుకుతామో ఎవరూ హామీ ఇవ్వలేరు. మన పని మనం చేసుకోగల ఏళ్లు పెరుగుతాయని మాత్రం ధైర్యంగా చెప్పగలం.

ప్రశ్న: మా అత్తగారికి 78. నెల కిందట స్నానాల గదిలో పడ్డారు. ఎముక విరగలేదు. అప్పటి నుంచి భయపడి మంచం దిగడం లేదు. మేమూ అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం. ఈ వయసులో వ్యాయామం చేయించవచ్చా?
(ఒక కోడలు, పర్లాకిమిడి)

జవాబు: చేయించాలమ్మా. మీరు ప్రేమతోనే అందిస్తున్నారు, కానీ మంచం ఆమెను ఇంకా బలహీనపరుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గిందని 2007లో ఒక అధ్యయనం చూపింది. మీ ఇంట్లో నెల గడిచింది.

ముందు ఎందుకు పడ్డారో తేల్చండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ కాగితం, వాడుతున్న మాత్రలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిద్రమాత్రలు, కంటి శుక్లం, అరిగిన హవాయి చెప్పులు కూడా మనిషిని పడేస్తాయి.

తర్వాత మంచం మీంచి లేవడం. నులక మంచం పల్లంగా, కుంగి ఉంటుంది కాబట్టి గట్టి కుర్చీ మీద దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి. పాదాలు మోకాళ్ల కంటే కొద్దిగా వెనక్కి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా వంగి, చేతులతో నొక్కుకుంటూ లేవమనండి. చాలామంది వెనక్కి వాలి ఉండే లేవబోతారు, అందుకే లేవలేరు. మొదట రోజుకు రెండు పూటలా ఐదేసి సార్లు చాలు. వారం వారం దుప్పటి మడతలు తగ్గించండి.

నిలకడకు వంటగట్టు పట్టుకుని నిలబెట్టండి, వెనక కుర్చీ ఉండాలి, పక్కన మీరుండాలి. పాదాలు దగ్గరగా పెట్టి పది సెకన్లు. అది కుదిరాక ఒక పాదం సగం ముందుకు. ఆ తర్వాత ముందు పాదం మడమకు వెనక పాదం వేళ్లు తగిలేలా. గట్టును గుప్పిటతో పట్టుకోవడం నుంచి రెండు వేళ్లు ఆనించడం దాకా రావాలి. సరైన వ్యాయామంతో పెద్దవాళ్లు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అలాగని కాళ్లు వణుకుతున్న మనిషిని “నడిస్తే సరిపోతుంది” అని రోడ్డు మీదికి పంపకండి, మళ్లీ పడతారు. 78 ఎక్కువ వయసు అనుకోకండి. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్లవారితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తిస్తే వారి బలం రెట్టింపు దాటింది.

తిండి కూడా చూడండి. గంజి, చారన్నంతో కండ రాదు. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, పెరుగు ప్రతి పూటా ఏదో ఒకటి పడాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే.

ప్రశ్న: షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నాను. పరగడుపున నడిస్తే చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. వయసు 64.
(రాయగడ)

జవాబు: షుగరు పడిపోతున్న లక్షణాలివి. ఆ మాత్ర, ఇన్సులిన్ వాడేవారిలో ఇది మామూలే. వణుకు వచ్చినప్పుడు వేలిమీద పరీక్ష చేసి చూడండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. పరీక్ష యంత్రం చేతిలో లేకపోయినా ముందు పంచదార తాగేయండి. నడకను భోజనాల తర్వాతికి మార్చండి, మూడు పూటలా పదిహేనేసి నిమిషాలు. తిన్నాక పెరిగే షుగరును, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాతది, ఇది బాగా అణుస్తుంది. మాత్ర మోతాదు మీకు మీరే తగ్గించకండి, ఆ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపండి. చెప్పుల్లేకుండా నడవకండి.

ప్రశ్న: కోరాపుట్ చలిలో తెల్లవారుజామున నడవవచ్చా? వయసు 70, బీపీ ఉంది.

జవాబు: వద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. ఎండ పొడిచాక వెళ్లండి. ముందు ఇంట్లోనే పది నిమిషాలు అటూఇటూ తిరిగి ఒళ్లు వేడెక్కనివ్వండి. గుండెల్లో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి వస్తే ఆగిపోవాలి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: వచ్చే చైత్రంలో తారాతారిణి కొండకు మెట్లెక్కి వెళ్తానని మొక్కుకున్నాను. వయసు 62, కొద్దిగా మోకాళ్ల నొప్పి. సిద్ధపడేదెలా?
(ఒక పాఠకురాలు, ఛత్రపురం)

జవాబు: ఆ 999 మెట్లంటే, అంతస్తుకు ఇరవై చొప్పున యాభై అంతస్తులు. ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టండి. ఎప్పుడైనా ఛాతీలో పట్టేసినట్టు అయి ఉంటే, ముందు డాక్టరుకు చూపించుకోకుండా అసలు మొదలుపెట్టకండి.

మొదటి వారం ఇంటి గుమ్మం మెట్టు మీదే, ఒక్కో కాలితో పదిసార్లు ఎక్కి దిగడం, రెండు విడతలు. రెండో వారం నుంచి డాబా మెట్లు, వారానికి మూడు రోజులు, మూడు అంతస్తులతో మొదలుపెట్టి వారానికి రెండు పెంచుకుంటూ పోండి. మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కాలి. వాక్యం మధ్యలో ఆయాసం అడ్డు వస్తే ఆగాలి. మోకాలు కాస్త నొప్పెడితే ఫరవాలేదు, మర్నాటికి తగ్గితే చాలు. వాచినా, మర్నాడూ అలాగే ఉన్నా అంతస్తులు సగానికి తగ్గించండి.

ఎక్కడం కంటే దిగడమే కాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు మోస్తుంది, అందుకే రెండో రోజు మెట్టు దిగలేనంత పట్టేస్తుంది. దిగడం కూడా సాధన చేసినవారికి ఆ బాధ బాగా తక్కువ. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి, చేయి కమ్మీ మీద ఉంచండి. మొక్కు ఎక్కడానికే కదా, దిగేటప్పుడు రోప్‌వే వాడుకుంటే మోకాళ్లకు మేలు.

చైత్ర మంగళవారాల్లో జనమూ, ఎండా రెండూ ఎక్కువే. తెల్లవారగానే మొదలుపెట్టండి, యాభై మెట్లకోసారి ఆయాసం రాకముందే ఆగండి, నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. ఉపవాసంతో ఎక్కే ఆలోచన ఉంటే, బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నట్టయితే ఆ రోజు వాటిని ఎలా వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి.