ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా పన్ను, దవడ ఎందుకు నొప్పెడతాయి?

కింది దవడ పన్ను, చెవి ముందు భాగం కలిపి లాగుతున్నాయని, ఎక్స్‌రే మాత్రం బాగుందన్నారని మీరు రాశారు. రెండేళ్ళ కిందట నాదీ ఇదే బాధ.

నొప్పి ఆ పన్నుదేనని నాకెంత నమ్మకమంటే, నేనే పట్టుబట్టి రూట్ కెనాల్ చేయించుకున్నాను. పది రోజులకు నొప్పి మళ్ళీ అక్కడే! నరం తీసేశాక ఇంకేం నొప్పెడుతోందో అర్థం కాలేదు.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే, నోరు తెరవమనే ముందు నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది అని అడిగారు. ఒక్కో పన్ను మీద తట్టారు, చల్లటి దూది ఆనించారు. నరం తీసేసిన పన్నుకు చల్లదనం తెలియలేదు, మిగతావన్నీ ఒకేలా ఉన్నాయి. చివరికి పళ్ళు బిగించమని, చెంపలో ఉబ్బిన కండను బొటనవేలితో నొక్కారు. సరిగ్గా నా 'పన్ను నొప్పి' లేచింది! నమిలే కండరం బిగుసుకుపోతే ఆ నొప్పి పంట్లో ఉన్నట్టే తెలుస్తుందట. నిద్రలో పళ్ళు కొరుకుతానని మా ఆవిడ చెబితే నవ్వేసేవాణ్ణి. నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) పెట్టుకుని, పగలు పై పళ్ళు కింది పళ్ళకు ఆనకుండా ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాక నెలరోజుల్లో చాలావరకు తగ్గింది.

మీరూ ఓ వారం నొప్పి వచ్చే వేళలు రాసుకోండి. పొద్దున లేవగానే ఎక్కువుంటే నిద్రలో పళ్ళు కొరకడాన్ని అనుమానించండి. చల్లటిది తగిలాక అర నిమిషం దాటినా జివ్వుమంటుంటే పన్ను లోపలి నరం కావచ్చు. ఏదైనా కొరికి వదిలేటప్పుడు కలుక్కుమంటే పంట్లో పగులేమో అడగండి, సన్నటి పగుళ్ళు ఎక్స్‌రేలో తరచుగా దొరకవు. పై పళ్ళు నాలుగైదు కలిసి నొప్పెట్టి, వంగితే ఎక్కువైతే సైనస్ కావచ్చు. గాలి తగిలినా కరెంటు షాక్‌లా కొట్టి క్షణాల్లో పోతుంటే న్యూరాలజిస్టును చూడాలి.

మెట్లెక్కితే దవడ నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా గుండె చూపించుకోండి. కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం తోడైనా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వాపుతో పాటు జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా అదే రోజు వెళ్ళండి.

ఇంకొకటి. రూట్ కెనాల్‌కు ఒప్పుకునే ముందు, నొప్పి ఉన్నప్పుడు ఆ పన్నుకు మత్తు ఇచ్చి చూడమని అడగండి. మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే మూలం వేరే చోట ఉండొచ్చు. నాకప్పుడు ఈ సంగతి తెలియదు.