మిశ్రమాల లెక్కల పాఠం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన నిష్పత్తులు, మిశ్రమాల పాఠం మొత్తం చదివాను. ఒక్కటి తప్ప లెక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి. కానీ ప్రతిచోటా ముందు సూత్రం ఇచ్చి, అందులో అంకెలు వేసేశావు. అలాగైతే పిల్లలకు జవాబు వస్తుంది గానీ లెక్క అర్థం కాదు. ప్రశ్న కాస్త మార్చి అడిగితే టెన్షన్ పడిపోతారు.

ముందు వాళ్లను ఒక్కటి వెతకమను: ఇందులో మారనిది ఏది? నీ మొదటి లెక్కే తీసుకో. 40 లీటర్ల మిశ్రమంలో ఆమ్లం, నీళ్లు 3:1. ఇంకెన్ని నీళ్లు పోస్తే 2:1 అవుతుంది? ఇప్పుడున్నది ఆమ్లం 30, నీళ్లు 10. పోసేది నీళ్లే కాబట్టి ఆమ్లం 30 దగ్గరే ఉంటుంది. కొత్త నిష్పత్తిలో ఆ 30 రెండు భాగాలు, అంటే ఒక భాగం 15. నీళ్లు 10 నుంచి 15 కావాలి, 5 లీటర్లు పోస్తే చాలు. దీనికి నువ్వు ఎక్స్ అనుకుని అర పేజీ సమీకరణం రాశావు.

అలిగేషన్‌లో (అంటే రెండు ద్రావణాలు ఏ నిష్పత్తిలో కలపాలో కనుక్కునే పద్ధతిలో) అడ్డగీతలు గీసి తీసివేయమని చెప్పి వదిలేయకు. 20 శాతం, 50 శాతం ద్రావణాలు కలిపి 30 శాతం చేయాలనుకో. లీటరుకు 300 మిల్లీలీటర్ల ఆమ్లం కావాలి. మొదటిదాంట్లో 200 ఉంది, 100 తక్కువ. రెండోదాంట్లో 500 ఉంది, 200 ఎక్కువ. రెండోది ఒక లీటరు పోస్తే మొదటిది రెండు లీటర్ల లోటు తీరుతుంది. అందుకే 2:1. ఇది తెలిసినవాళ్లు నిష్పత్తిని తిరగేసి రాయరు.

తీసి నింపే లెక్కల దగ్గర మాత్రం తొందరపడకు. 40 లీటర్ల ఆమ్లంలోంచి 8 తీసి 8 నీళ్లు పోశాం, మళ్లీ అలాగే చేశాం. చాలామంది 40లోంచి 16 తీసేసి 24 అంటారు. రెండోసారి తీసిన 8 లీటర్లలో నీళ్లూ ఉన్నాయి కదా! అందులో ఆమ్లం 6.4 లీటర్లే. 32లోంచి అది పోతే మిగిలేది 25.6. ప్రతిసారీ ఉన్నదాంట్లో ఐదో వంతే పోతోందని ఇలా చూపిస్తే, 4/5తో రెండుసార్లు గుణించాలని వాళ్లే చెప్పేస్తారు.

ఇక ఆ తప్పిన లెక్క. 30 శాతం, 45 శాతం ద్రావణాలు కలిపి 50 శాతం చేయమన్నావు. ఎంతెంత కలిపినా అది 45 దాటదు. అంకె మార్చు, లేదా అలాగే ఉంచి "ఇది సాధ్యమేనా?" అని అడుగు. నేనైతే అలాగే ఉంచుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య