లంకమలలో గ్రానైట్ లేదు నాయనా

నాయనా,

నీ కథ చదివాను. రిటైరైన జియాలజిస్టు మన కడప జిల్లా లంకమల కొండ ఎక్కి "ఈ గ్రానైట్ శిలల సాక్షిగా" అని శపథం చేస్తాడే, అక్కడ నాకు ఒళ్లు మండిపోయింది. లంకమలలో గ్రానైట్ ఎక్కడుంది? అది క్వార్ట్‌జైట్. ఏనాటి ఇసుకో గట్టిపడి రాయైంది. గ్రానైట్ కావాలంటే రాయచోటి వైపో అనంతపురం వైపో పో. జీవితమంతా సుత్తి పట్టుకుని తిరిగిన మనిషి నోట ఆ మాట వచ్చాక, అతను అడవి కోసం ఎంత ఏడ్చినా నేను నమ్మలేను.

చిన్న పొరపాటే కదా అనుకోవద్దు. నీ కథంతా ఆ రాయి మీదే నిలబడాలి. ఆ రాయి వల్లే అక్కడ మట్టి పలుచన, అంతా గులకరాళ్లు, పడిన వాన నిలవదు. అందుకే ఎర్రచందనం ఈ కొండల్నే పట్టుకుంది, కింద ముళ్లపొదలు ఎడం ఎడంగా మొలుస్తాయి. కలివికోడి అనే ఆ అరుదైన పిట్టకు ఆ ఎడమే కావాలి. ఎగరడం కంటే నేల మీద పరుగెత్తడమే దానికి అలవాటు. పొదలు దట్టంగా కమ్ముకున్నా ఉండదు, మొత్తం నరికేసినా ఉండదు. మితంగా మేకలు మేస్తే, నాలుగు కట్టెలు కొట్టుకుంటే ఆ ఖాళీలు నిలుస్తాయి. నువ్వేమో మేకలు కాసే అతన్ని విలన్ చేసి చేతులు దులుపుకున్నావు! 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికిందంటే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల వెతుకులాటకు తోడు నిలిచింది ఆ ఊళ్ల వాళ్లే. అది రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి వంగి వంగి మూడు వేళ్ల అడుగుజాడ కోసం చూసేవాళ్లు. నీ జియాలజిస్టును అలా ఒక్కసారైనా వంచు. కథలో మొదటి నుంచి చివరిదాకా నిటారుగా నిలబడి మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంట్లో పరిచిన నాపరాయి మీద, అంటే సున్నపురాయి మీదే, అతను మనవరాలి కోసం యాసిడ్ చుక్క వేస్తే అది బుసబుసా పొంగడం, భార్య లోపలి నుంచి కేకలేయడం, అది బాగుంది. ఆ చోట మనిషి కనబడ్డాడు.

అలాంటివాటినే సంపాదకులు ముందు కోసేస్తారు, చూసుకో. ఎర్రగుంట్ల నాపరాయి క్వారీ మీద నేను రాసిన తొలి కథలో, గూటం దెబ్బ మోత విని పలక ఎక్కడ విడుతుందో చెప్పే కూలీ ఒకడున్నాడు. అతని కోసం ఎండాకాలమంతా క్వారీ గట్టు మీద కూర్చున్నాను. "పాఠకుడికి ఈ రాళ్లెందుకండీ" అని అతన్ని మొత్తం తీసేసి, నేను రాయని కన్నీళ్లు చివర చేర్చి అచ్చేశాడు ఒక సంపాదకుడు. ఆ కథను నేను ఇప్పటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పుడు జూన్ 5 దగ్గరపడితే చాలు, పర్యావరణ కథ కావాలని ఫోన్లు చేస్తారు. వాళ్లకు చెట్టు కావాలి, ఏడుపు కావాలి, నేల మాత్రం అక్కర్లేదు. నువ్వు వాళ్ల కోసం రాయొద్దు.

అతని ఉపన్యాసం పేజీలు తీసేసి 2005ను పట్టుకో. తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి తిరిగే పొదల్లోకే వచ్చింది, గొడవయ్యాక కాలువ దారి మళ్లించారు. సీమలో నీళ్లు వద్దనేవాడు ఎవడు? నీ జియాలజిస్టుకు బద్వేలు దగ్గర బోరు ఎండిపోయిన తమ్ముడు ఒకడున్నాడనుకో, పండగకు ఇంటికొస్తే అన్నం ముందు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు? అసలు అతనికి ఇన్నాళ్లూ జీతం ఎవరిచ్చారు? మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్), తుమ్మలపల్లె యురేనియం, ఎర్రగుంట్ల సిమెంటు, మన వైపు జియాలజిస్టుకు పని ఎక్కువగా దొరికేది నేల తవ్వేచోటే. ఆ తవ్వకాల మీద పిల్లల్ని చదివించుకున్న మనిషి ఒక పొదల నేలను మాత్రం ముట్టుకోవద్దంటున్నాడంటే, లోపల ఎంత నలిగి ఉంటాడు! దాని గురించి నీ కథలో ఒక్క వాక్యం లేదు.

పేరు మార్చాలా, పోటీకి పంపాలా అన్నవి తర్వాత చూద్దాం. వచ్చే ఆదివారం బస్సెక్కి సిద్ధవటం దాకా వెళ్లు. అడవిలోకి పర్మిషన్ లేకుండా పోవద్దు, రోడ్డు పక్కన దొరికే రాళ్లే చాలు. అక్కడొక ముక్క, ఎర్రగుంట్లలో ఒక ముక్క తీసుకుని రెండింటి మీదా యాసిడ్ చుక్క వేసి చూడు, ఏది పొంగుతుందో ఏది పొంగదో. తర్వాత మొదటి పేజీ నుంచి తిరగరాసి పంపు.