చక్కెర గొలుసులన్నీ ఒకేసారి తీసేస్తే...

ప్రశ్న: మా రిసెప్టర్ వెలుపలి భాగంలో ఐదు ఎన్-గ్లైకోసైలేషన్ సైట్లున్నాయి (ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి చక్కెర గొలుసు తగులుకునే చోట్లు). నిర్మాణం చూడటానికి కావలసిన ప్రొటీన్ క్రిస్టల్స్ కోసం ఐదింటిలోనూ ఆస్పరజిన్‌ను గ్లూటమిన్‌గా మార్చి హెచ్‌ఇకె 293 అనే మానవ కణాల్లో ఎక్స్‌ప్రెస్ చేశాం (అంటే తయారు చేయించాం). వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) కణాలు పెరిగే మీడియం ఖాళీ, బ్యాండంతా కణాలను పగలగొట్టి తీసిన లైసేట్‌లోనే ఉంది. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు: ఐదూ కలిపి మార్చడం దగ్గరే. ఈ చక్కెరలు ప్రొటీన్ తయారయ్యాక చేసే సింగారం కాదు. కణంలో ప్రొటీన్లు మడతపడే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి పాలిపెప్టైడ్ (ప్రొటీన్ గొలుసు) ఇంకా దిగుతుండగానే తగులుకుంటాయి. అక్కడి సహాయక ప్రొటీన్లు కాల్నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ ఆ చక్కెరలను పట్టుకునే, సరిగా మడతపడేదాకా ప్రొటీన్‌ను కదలనివ్వవు. ఆ పట్టు పోతే మడత చెడుతుంది, సరుకు లోపలే ఆగిపోతుంది.

ఒక్కో సైట్ విడిగా తీసిన కన్‌స్ట్రక్ట్‌లు (కణాల్లోకి ఎక్కించే డీఎన్‌ఏలు) ఐదు, మార్పు లేనిది ఒకటి: ఆరు గుంటల ప్లేటు ఒకటి చాలు. (ట్రాన్స్‌ఫెక్ట్ చేయని, అంటే డీఎన్‌ఏ ఎక్కించని కణాలకు వేరే డిష్ పెట్టుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే.) 48 నుంచి 72 గంటలయ్యాక మీడియం, లైసేట్ పక్కపక్కన నడపండి. మీడియంలో బ్యాండ్ తగ్గని మార్పులనే రెండేసి కలుపుతూ వెళ్లండి. తగ్గించిన సైట్ జోలికి పోవద్దు. ఒక గొలుసు పోతే బ్యాండ్ సుమారు 2-3 కిలోడాల్టన్లు కిందికి జారాలి. జారలేదంటే అక్కడ గొలుసు లేనే లేదన్నమాట. ఆస్పరజిన్ వెంటనే ప్రొలైన్ ఉంటే ఎలాగూ రాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. గొలుసు తగలాలంటే ఆస్పరజిన్ (ఎన్) తర్వాత రెండో స్థానంలో సెరిన్ (ఎస్) లేదా థ్రియోనిన్ (టి) ఉండాలి. కాబట్టి వరుస ఎన్-ఎన్-టి-ఎస్ అయితే అవి ఒకదానిపై ఒకటి పడ్డ రెండు సైట్లు. మొదటి ఎన్ తీసేస్తే చక్కెర రెండోదానికి ఎక్కవచ్చు, బ్యాండ్ కదలదు. మ్యుటేషన్ పడలేదేమోనని కన్‌స్ట్రక్ట్ ఉన్న ప్లాస్మిడ్‌ను (డీఎన్‌ఏ వలయాన్ని) మళ్లీ సీక్వెన్సింగ్‌కు పంపుతారు!

గ్లూటమిన్ కుదరని చోట ఆస్పార్టేట్ పెట్టి చూడండి. కోడాన్‌లో (అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్‌ఏ అక్షరాల్లో) ఒక్క అక్షరం మారిస్తే చాలు, ఏఏసి కాస్తా జిఏసి అవుతుంది. ఆస్పరజిన్ పక్క గొలుసే హైడ్రోజన్ బంధాల్లో ఉంటే దాన్ని కదపకుండా, రెండు స్థానాల తర్వాతి సెరిన్ లేదా థ్రియోనిన్‌ను అలనిన్ చేయడం మేలు.

ప్రశ్న: మ్యుటేషన్ల జోలికి పోకుండా పని కాదా?

జవాబు: చాలాసార్లు అవుతుంది, మా ఓటు ముందు దీనికే. ట్రాన్స్‌ఫెక్షన్ రోజే లీటరు మీడియంకు సుమారు 1 మిల్లీగ్రాము కిఫునెన్సిన్ (చక్కెర గొలుసులను మార్చే ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థం) కలపండి. ఆలస్యంగా వేస్తే అప్పటికే తయారైన చక్కెరలు అలాగే ఉంటాయి. లేదా గొలుసులను సంక్లిష్ట రకంగా మార్చే జిఎన్‌టి-1 ఎంజైమ్ లేని హెచ్‌ఇకె 293ఎస్ కణాలు వాడండి. ఎలా చేసినా గొలుసులు ఎండో హెచ్ అనే కోసే ఎంజైమ్‌కు లొంగే మానోజ్ రకంగా మిగులుతాయి. మడత ముగిశాక ఆ ఎంజైమ్‌తో కోస్తే ఒక్కో సైట్‌లో ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ అనే చక్కెర ఒక్కటి నిలుస్తుంది. ప్రొటీన్ కరిగి ఉండటానికి అదీ సాయమే. పిఎన్‌గేజ్ ఎఫ్ అనే మరో ఎంజైమ్ అయితే మొత్తం ఊడ్చేసి ఆస్పరజిన్‌ను ఆస్పార్టేట్ చేస్తుంది, మడతపడ్డ ప్రొటీన్‌లో తరచూ సగంలో ఆగుతుంది.

ఎండో హెచ్ పిహెచ్ 5.5 దగ్గర చురుగ్గా ఉంటుంది. మీ ప్రొటీన్ దాన్ని తట్టుకుంటుందో లేదో కాస్త నమూనాతో ముందే చూసుకోండి. కిట్‌తో వచ్చే డినేచరింగ్ బఫర్ జెల్ పరీక్షకే. అందులో ప్రొటీన్ మడత విప్పేసే ఎస్‌డిఎస్, డిటిటి ఉంటాయి, క్రిస్టల్స్‌కు దాచిన ప్రొటీన్‌లో ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.