భోజనం ఖర్చులకే డబ్బులన్నీ పోతుంటే ఇలా చేయండి

బెంగళూరు మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ వాళ్లు ఆఫ్రికా పిల్లల కోసం విరాళాలు పోగుచేయడానికి పెట్టిన భోజనాలకు అరవై మంది వచ్చినా, ఖర్చులు పోను చేతిలో ఏమీ మిగల్లేదని రాశారు. చదివి బాధేసిందండి.

క్యాటరింగ్‌కి ఇవ్వడమే అసలు దెబ్బ. ఈసారి బియ్యం ఒకరు, నూనె ఒకరు, కూరగాయలు ఒకరు ఇచ్చేలా ముందే అడగండి. వంట మీరే చేసుకోండి. కూపన్లు వారం ముందే అమ్మేస్తే ఎంతమందికి వండాలో తెలుస్తుంది.

వంటకాలు కూడా తగ్గించండి. రాగి సంగటి, వేరుశెనగ చట్నీ, ఆకుకూర పప్పు, మజ్జిగ చాలు. రాగి మొదట తూర్పు ఆఫ్రికాలో పండిన పంటే. ఇక వేరుశెనగ సంగతి వడ్డించేటప్పుడు తప్పకుండా చెప్పండి: తీవ్ర పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు అక్కడ ఇచ్చేది వేరుశెనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన పేస్టే. 92 గ్రాముల పొట్లంలో దాదాపు 500 కేలరీలు ఉంటాయి. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, పిల్లలు నేరుగా తినేస్తారు. చాలామంది కొన్ని వారాల్లోనే కోలుకుంటారు. ఇది విన్నాక కూపన్ ధర కంటే ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉంటారు, నేను చూశాను.

డబ్బు పంపడం గురించి టెన్షన్ అన్నారు కదా. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపొచ్చు, అందులో విరాళాలూ వస్తాయి. అయితే అది సొంత డబ్బుకే. అందరి డబ్బూ మీ ఖాతాలో వేసుకునే ముందు బ్యాంకులో అడగండి. విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే 80జీ మినహాయింపు రాదని కూడా కూపన్ అమ్మేటప్పుడే చెప్పేయండి.