ప్రధాన ప్రోగ్రామరా, ప్రముఖ ప్రోగ్రామరా?

సందేహం: మాది భీమవరం. మా కళాశాల వార్షిక సంచికకు కంప్యూటర్ విభాగపు విద్యార్థిని ఒకరు ‘వీడియో గేమ్ అభివృద్ధిలో ప్రముఖ ప్రోగ్రామర్ పాత్ర’ అనే వ్యాసం ఇచ్చారు. గేములు తయారుచేసే సంస్థల్లో లీడ్ ప్రోగ్రామర్ అనే ఉద్యోగాన్ని గురించిన వ్యాసం అది. ‘ప్రముఖ’ సరికాదని తోచింది గాని, దానికి బదులు ముఖ్య అనాలో, ప్రధాన అనాలో, నాయక అనాలో తేలలేదు. ‘ప్రధాన ప్రోగ్రామర్’ అంటే సంస్కృత పదానికి పరాయి మాట అతికించిన వైరి సమాసమవుతుందని మా తెలుగు పండితులు అభ్యంతరం చెబుతున్నారు. ఏది రాయమంటారు?

సమాధానం: ఆ ఉద్యోగి చేసే పని ఏమిటో తెలియకుండా మాట ఎంచడం కుదరదు కనుక, సంక్రాంతికి అమలాపురం వచ్చిన మా మేనల్లుణ్ణి ముందుగా అడిగాను. అతడు హైదరాబాదులో ఆ ఉద్యోగమే చేస్తున్నాడు. “సగం రోజు ఇంకొకరు రాసింది చదవడమే మావయ్యా” అన్నాడు. బృందంలోని వారు రాసిన కోడును, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలను చదివి, తప్పులుంటే దిద్దమని వెనక్కి పంపి, దిద్దిన తరువాతే అసలు ప్రతిలో కలపనివ్వడం. ఎవరికి ఏ భాగం అప్పగించాలో, ఆ భాగాలన్నీ ఒకదానితో ఒకటి ఎలా పొసగాలో నిర్ణయించడం. ఏ పనికి ఎన్నాళ్లు పడుతుందో నిర్మాతకు లెక్క చెప్పడం. ఇవన్నీ చూసుకుంటూనే, మిగిలినవారికి కొరుకుడు పడని చిక్కుముడి ఏదైనా వస్తే తానే కూర్చుని రాయడం అతని పని. ఆట కథ, ఆట నియమాలు అతనివి కావు, అవి డిజైనరువి. బొమ్మలు చిత్రకారులవి.

అతడు చెప్పిన వాటిలో నాకు బాగా పట్టింది కాలం పంపకం. తెరమీద సెకనుకు 60 చిత్రాలు మారాలని అనుకుంటే ఒక్కొక్క చిత్రానికి దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆడేవారు ఏ మీట నొక్కారో గ్రహించడం, బంతి గోడకు తగిలిందో లేదో లెక్కకట్టడం, శత్రువు ఎటు కదలాలో తేల్చడం, చివరికి బొమ్మ గీయడం అన్నీ ఆ వ్యవధిలోనే ముగియాలి. ఈ పనులు ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతిలో ఉంటాయి; ప్రతివారికీ తమ భాగానికి మరికాస్త సమయం కావాలనే ఉంటుంది. దాళ్వాలో కాలువ నీటికి వంతులు పెట్టుకునే మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఎగువవారు తూము ఎత్తి వదిలేస్తే శివారు చేలు ఎండినట్టే, వెలుగునీడలు దిద్దేవారు 12 మిల్లీసెకన్లు వాడేసుకుంటే మిగిలినవారందరూ 4.7తో సరిపెట్టుకోవాలి, లేదా ఆట తడబడాలి. వంతులు వేసి, అవి తప్పకుండా చూడవలసినవాడు ఈ లీడ్ ప్రోగ్రామరే.

ఈ ఉద్యోగం మొదటినుంచీ ఉన్నది కాదు. 1972లో అటారీ సంస్థ తెచ్చిన ‘పాంగ్’ ఆటలో అసలు ప్రోగ్రామే లేదు. అంతా ఎలక్ట్రానిక్ వలయాలతోనే నడిచింది. ఆ సంస్థలోనే వారెన్ రాబినెట్ ‘అడ్వెంచర్’ అనే ఆటను రూపకల్పన, బొమ్మలు, కోడు అన్నీ తానొక్కడే అయి చేశాడు. ఒక్కడే ఉన్నచోట వరుసలో ముందుండడమన్న ప్రసక్తి రాదు. పలువురు కలిసి ఒకే ఆటకు కోడు రాయవలసి వచ్చిన తరువాతనే వారిలో ఒకరిని వేరుచేసి చెప్పే మాట అవసరమైంది.

కాబట్టి మనం ఎంచే మాటలో రెండు అర్థాలు పలకాలి: అతడు తానూ ఆ పని చేసేవాడు, ఇతరులు చేసిన పనికి జవాబుదారు కూడా. ‘ప్రముఖ’లో ఈ రెండూ లేవు. సంస్కృతంలో ఆ మాటకు ముందున్న, మొదటి అనే అర్థాలున్నా, నేటి తెలుగులో ప్రముఖుడంటే పేరుమోసినవాడే. ప్రముఖ వైద్యుడు, ప్రముఖ నటి అన్న చోట్ల మనకు కనిపించేది కీర్తి గాని బాధ్యత కాదు. లీడ్ ప్రోగ్రామరు పేరు పక్కవీధిలో కూడా ఎవరికీ తెలియకపోవచ్చు. ‘నాయక’ అన్నామా, సినిమా కథానాయకుడో ఎన్నికల్లో నిలబడ్డవాడో గుర్తుకొస్తాడు తప్ప కీబోర్డు ముందు కూర్చున్న మనిషి రాడు. ‘ముఖ్య’ తప్పు కాదు. అయితే సంస్థ మొత్తానికి పైన ఉండే పదవులను ముఖ్య సాంకేతిక అధికారి వంటి మాటలతో ఇప్పటికే చెబుతున్నారు కనుక, ఒక్క ఆటకు, ఒక్క బృందానికి పరిమితమైన ఈ ఉద్యోగికీ అదే విశేషణం తగిలిస్తే చదివేవారు తికమకపడతారు.

‘ప్రధాన’ను నేను సమర్థించడానికి కారణం ప్రధానోపాధ్యాయుడు. ఆయన బడి నడుపుతాడు, తోటి ఉపాధ్యాయుల పాఠాలు పరిశీలిస్తాడు, అయినా గంట కొట్టగానే సుద్దముక్క పట్టుకుని పదో తరగతికి లెక్కలు చెప్పడానికి వెళతాడు. ఉపాధ్యాయుల్లో ఒకడుగా ఉంటూనే ఉపాధ్యాయులకు పెద్ద. మా మేనల్లుడు చెప్పినది సరిగ్గా ఈ స్థితినే.

నిజానికి ఈ అర్థానికి ఇంతకంటే సూటి అయిన మాట మన డెల్టాలో పనివాళ్ల నోట ఉంది: మేస్త్రి. తాపీ మేస్త్రి గోడ కడతాడు, పక్కవాడు కట్టిన వరుస మీద రసమట్టం పెట్టి చూస్తాడు, వంకరగా ఉంటే తీయించి మళ్లీ పెట్టిస్తాడు. ఊడ్పుల ముఠాకు పెద్దగా ఉన్న మనిషి గట్టుమీద నిలబడి కేకలు వేయదు; మడిలో దిగి తానూ నాటుతూనే వెనకబడ్డవారిని అదిలిస్తుంది. ఈ మేస్త్రి పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి మనకు వచ్చింది. దానికి మూలం లాటిన్ ‘మజిస్తెర్’. ఇంగ్లీషు ‘మాస్టర్’ పుట్టుక కూడా అక్కడే కనుక, మన బడిలోని మాస్టారు, గోడ దగ్గరి మేస్త్రి మాటల వరుసలో అన్నదమ్ములు. ‘ప్రోగ్రామర్ల మేస్త్రి’ అని ఇంట్లో మా మేనల్లుణ్ణి పిలుస్తున్నాను, అతడికీ నచ్చింది. అయితే కళాశాల సంచికలో అలా అచ్చువేస్తే వేళాకోళంగా ధ్వనించే ప్రమాదం ఉంది. శ్రమను తక్కువచూపు చూసే మన అలవాటు మాటకు కూడా అంటుకుంది మరి.

ఇక మీ పండితుల అభ్యంతరం. సంస్కృత పదం మీద దేశ్యాన్నో అన్యదేశ్యాన్నో తెచ్చి సంస్కృత సమాసంలా అతికిస్తేనే వైరి సమాసమనే మాట వస్తుంది. ఇక్కడ ‘ప్రధాన’ విడిగా నిలిచిన విశేషణం. ప్రధాన రోడ్డు, ప్రధాన పోస్టాఫీసు అనడానికి ఏనాడూ జంకని మనం ప్రోగ్రామరు దగ్గర జంకనక్కరలేదు. రెండు మాటలనూ కలిపి రాయకుండా ఎడం ఉంచితే చాలు. ప్రోగ్రామరును ‘క్రమణికా రచయిత’గా మార్చవలసిన అవసరం కూడా నాకు కనిపించదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలతోపాటు వచ్చిన, నీటిమట్టం మార్చి పడవలను దాటించే తలుపుల కట్టడమైన ‘లాకు’ను (ఇంగ్లీషు ‘లాక్’) తాళమని ఎవరూ అనువదించలేదు, అది మన ఉకారం చేర్చుకుని, లాకులు, లాకుల దగ్గర అంటూ విభక్తులన్నిటికీ లొంగి మనదైపోయింది. అదే తీరున ప్రోగ్రామరు, ప్రోగ్రామర్లు అని రాయండి.

మీరు అడగకపోయినా శీర్షికలో మరి రెండు చోట్ల దిద్దవలసి ఉంది. అభివృద్ధి అంటే ఉన్నదాన్ని పెంచడం. లేని ఆటను పుట్టించడం తయారీ. నిర్మాణమనవచ్చు గాని, అక్కడ నిర్మాత అనే వేరొక ఉద్యోగి ఉన్నాడు కనుక తయారీయే మేలు. రెండవది ‘పాత్ర’. మామూలు వ్యాసంలో ఈ మాట అంతగా చెరుపు చేయదు. కాని ఆటల్లో పరుగులు తీసే, కత్తులు దూసే బొమ్మలను కూడా మనం పాత్రలనే అంటాం. ‘వీడియో గేములో ప్రోగ్రామర్ పాత్ర’ అంటే ఆ ప్రోగ్రామరు కూడా కత్తి పట్టి తెరమీదికి దిగాడని పిల్లలు అనుకుంటే తప్పు వారిది కాదు. ‘వీడియో గేముల తయారీలో ప్రధాన ప్రోగ్రామరు పని’ అని పెట్టండి.

వ్యాసం లోపల ఆ విద్యార్థిని ‘చేస్తాడు, చూస్తాడు’ అని రాసి ఉంటే వాటిని ‘చేస్తారు, చూస్తారు’ అని మార్చమని చెప్పండి. నేను పైన ‘అతడు’ అని రాసింది మా మేనల్లుడు కళ్లముందు ఉండడం వల్ల; ప్రోగ్రామరు అన్న మాటలో ఆడా మగా తేడా లేదు, ఆ ఉద్యోగానికి రేపు ఆమే వెళ్లవచ్చు.